రాగితీగ మెర్టన్, పడవ నడిపిన ఆర్డిస్

సెనెకా సరస్సు తూర్పు గట్టున మెర్టన్ కోవర్ట్ ఇల్లెక్కడ అని అడిగితే జనం కాసేపు తల గోక్కుంటారు. రాగితీగ మెర్టన్ అంటే మాత్రం ద్రాక్షతోటల్లో కొమ్మలు కత్తిరించే కూలీలు కూడా చెయ్యెత్తి చూపిస్తారు. గట్టున ఉన్న తక్కిన వాళ్ళందరూ పడవలకు గాలం లాగే యంత్రాలు బిగించుకుని, సీసపు గుండ్లు కిందికి దించుకుని, చేప ఎక్కడుందో తెర మీద చూసుకుంటూ పట్టే రోజులు వచ్చాయి. మెర్టన్ మాత్రం తన తండ్రి పట్టినట్టే పట్టేవాడు. గాలపు కర్ర లేదు, చక్రం లేదు. చేతిలో రాగి తీగ, తీగ కొసన తండ్రి సుత్తితో కొట్టి చేసిన రేకు గాలం. అంతే.

ఆ సరస్సుకు లోతు ఎక్కువ. ట్రౌట్ అనే చేప ఆ లోతులో, బురద మీద పొట్ట ఆనించి పడుకుంటుంది, పని లేని మామగారిలా. దాన్ని లేపాలంటే గాలం దాని ముక్కు ముందు నుంచి పోవాలి. పడవ ముసలమ్మ నడక నడుస్తుంటే మెర్టన్ తీగను ఛాతీ దాకా లాగి వదిలేవాడు, మళ్ళీ లాగి వదిలేవాడు. లాగినప్పుడు అడుగున రేకు బురద మీంచి లేస్తుంది. వదిలినప్పుడు దెబ్బ తిన్న చిన్న చేపలా ఊగుతూ దిగుతుంది. కింద బురద తగిలిందా, రాయి తగిలిందా, చేప మూతి తగిలిందా అన్నది అంత పొడుగు తీగ దాటుకుని వేళ్ళకు తెలియాలి. మెర్టన్ వేళ్ళకు తెలిసేది.

ఆ వేళ్ళ వల్ల ఆయన పరువు కూడా ఒకసారి పోయింది. రోజూ తడి రాగి పట్టుకునే చేతులు కదా, చర్మం ముడతల్లో పచ్చటి చిలుము ఇంకిపోయి ఉండేది. పెళ్ళి ముందు రోజు సబ్బుతో, కిరసనాయిలుతో, చివరికి ఇసుకతో కూడా తోమాడు. ఎర్రగా కమిలాయే గానీ పచ్చదనం పోలేదు. మర్నాడు చర్చిలో పెళ్ళికూతురి తల్లి కరచాలనానికి చెయ్యి చాచి, ఆ వేళ్ళు చూసి, చాచిన చేత్తోనే తన టోపీ సర్దుకుంది. పాదిరిగారు పక్కకు పిలిచి, "ఇది అంటుకునేదేం కాదుగా బాబూ?" అని అడిగాడు. పెళ్ళికూతురు ఆర్డిస్ అది విని పైకే నవ్వేసింది. "అంటుకుంటే నాకేగా అంటుకునేది, మీకెందుకు?" అంది.

నిజంగానే అంటుకుంది. మెర్టన్‌కు అంతవరకూ పడవ నడిపిపెట్టిన పినతండ్రి కొడుకు మోటారు పిడి పట్టుకుని కునుకు తీసేవాడు. పడవ పాములా మెలికలు తిరిగేది. పెళ్ళయిన వసంతంలో వాడి బదులు ఆర్డిస్ ఎక్కింది. ఆమెకు ఈత రాదు, నీళ్ళంటే భయం. కానీ పాడి రైతు కూతురు. గడ్డి కోసే ట్రాక్టర్‌ను చిన్నప్పటి నుంచీ తిన్నగా తోలిన మనిషి. ఎదుటి గట్టు మీద ఒక గాదె కొప్పు, దాని వెనకాల కొండ మీద చర్చి గోపురం. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి ఉండేలా చూసుకుంటూ, నీళ్ళ మీద చాలు తీసినట్టు పడవను నడిపింది. అడుగున లోతు మారే అంచు వెంబడే పోవాలి. గట్టు వైపు జరిగితే తీగ బురదలో దిగబడుతుంది, లోతు వైపు జరిగితే శూన్యంలో వేలాడుతుంది. పడవ ఆర్డిస్ చేతిలో ఉండగా తీగ ఆ రెండూ చెయ్యలేదు.

"అడుగు అందిందా?" అనేది.

"ఊ," అనేవాడు.

వాళ్ళ కాపురంలో సగం మాటలు ఆ ఊలే.

గట్టు మీద డొమినిక్ ఫ్రాటో అని ఒకాయన ఉండేవాడు. మెర్టన్‌తో కలిసి బడికెళ్ళిన వాడు, పడవ నిండా యంత్రాలున్న వాడు. ఆ తెరల్లో చేప కనిపిస్తుంది గానీ గాలం పట్టదు, అది ఆయన బాధ. "ఆర్డిస్ తల్లీ, ఆ అంచు ఎక్కడుందో కాస్త చెప్పి పుణ్యం కట్టుకో," అని రేవులో బతిమాలేవాడు.

"నీ తెరనే అడుగు డొమినిక్. దానికి నీ పెళ్ళాం కంటే ఎక్కువ నగలు పెట్టావుగా," అనేది ఆమె.

ఏళ్ళు అలా గడిచాయి. లోర్నా అని ఒక కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకుని సరస్సు ఉత్తరపు కొసన ఉన్న పట్నంలో బడి వంటశాలలో పనికి కుదిరింది. మెర్టన్ పళ్ళు ఊడాయి, ఆర్డిస్ జుట్టు నెరిసింది. తీగ మాత్రం అలాగే ఉంది.

తరవాత ఒక ఎండాకాలం అగ్నిమాపక కేంద్రం వాళ్ళు ఏటా చేసే కోడి విందులో ఒక సంగతి జరిగింది. అందరూ పొడుగాటి బల్లల దగ్గర కూర్చున్నారు. ఆర్డిస్ తన పళ్ళెం వదిలేసి, నెమ్మదిగా వెళ్ళి, కేంద్రం పెద్దాయన పక్కన కూర్చుని, ఆయన పళ్ళెంలోని సగం కోడిని శుభ్రంగా తినేసింది. మూతి తుడుచుకుని, "మీరింకా భోజనం చెయ్యలేదా?" అని ఆయన్నే ఆప్యాయంగా అడిగింది. బల్ల బల్లంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మెర్టన్. "మా ఆవిడ వేళాకోళాలు మీకు తెలీదు," అన్నాడు.

ఆ రోజు నుంచి అందరికంటే గట్టిగా నవ్వడం ఆయన పనైంది. ఆమె బంగాళాదుంపలు బట్టలుతికే యంత్రంలో వేసి తిప్పిన రోజు కూడా నవ్వాడు. దుంపలు ఎన్నడూ లేనంత శుభ్రంగా వచ్చాయి. వాటిని ఉడికించుకుని, సబ్బు వాసన వస్తున్నా వెన్న పూసుకుని, ఇద్దరూ తిన్నారు. "బాగున్నాయా?" అంది. "ఊ," అన్నాడు.

నవ్వు రానిది పడవలో. ఒకరోజు పొద్దున్నే ఎప్పటిలాగే బయల్దేరారు. కాసేపటికి మెర్టన్ చేతిలో తీగ తేలికైపోయింది. అడుగు లేదు. తలెత్తి చూస్తే పడవ సరస్సు నడిమధ్యకు పోతోంది. ఆర్డిస్ ఎదుటి గట్టు వైపు శ్రద్ధగా చూస్తోంది.

"ఆ గోపురం ఎవరిది?" అంది.

ఆర్డిస్ పడవ వెనక పలక మీద మోటారు పిడి పట్టుకుని కూర్చుంటుంది, ఆయన ముందు పలక మీద ఆమెకు ఎదురుగా. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర. తన బూటు కొసతో ఆమె బూటును ఒకసారి నొక్కాడు. ఎందుకు నొక్కాడో ఆయనకే తెలియదు. ఆమె పిడిని చిన్నగా కదిపింది, పడవ గట్టు వైపు తిరిగింది. తీగకు మళ్ళీ బురద తగిలింది.

అలా మొదలైంది. ఒక నొక్కు నొక్కితే గట్టు వైపు, రెండు నొక్కితే లోతు వైపు. మొదట్లో మంచు కమ్మిన రోజుల్లో మాత్రమే అనుకున్నాడు. తరవాత ఎండ రోజుల్లోనూ అదే. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ చేపలు మామూలుగానే పడ్డాయి. రేవులో తట్ట దించుతూ, "అంతా ఆర్డిస్ చలవే, నాదేముంది," అని అందరికీ చెప్పేవాడు. ఆమె సిగ్గుపడేది. అబద్ధమాడుతున్నానని ఆయనకు ఎన్నడూ అనిపించలేదు. చెప్పగా చెప్పగా అందరికంటే ముందు ఆయనే నమ్మాడు. ఇంట్లో ఏదో కాస్త అటూ ఇటూ అయితే అయింది గానీ నీళ్ళ మీద నా ఆర్డిస్ నా ఆర్డిసే, అనుకున్నాడు.

లోర్నా అలా అనుకోలేదు. రెండో చలికాలం చివర్లో ఆర్డిస్ మేజోళ్ళతో మంచులో నడుచుకుంటూ పక్కవాళ్ళ ద్రాక్షతోటలోకి పోయింది. తోటవాడు దుప్పటి కప్పి తీసుకొచ్చాడు. ఆ ఆదివారం లోర్నా వచ్చి, వంటింట్లో కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"కౌంటీ వాళ్ళ వృద్ధుల ఇంట్లో మంచం ఒకటి ఖాళీ అయింది నాన్నా. రేపు కాదు, పై సోమవారానికల్లా చెప్పమన్నారు."

"ఎవరికి మంచం?"

"నీకు తెలుసు ఎవరికో."

"మీ అమ్మకి ఈ ఇంట్లో మంచం ఉంది. నేనే చేశాను. ఇప్పటికీ కిర్రుమనదు."

"నాన్నా, పొయ్యి వెలిగించి వదిలేసింది. మంచులో నడుచుకుంటూ పోయింది. నువ్వు మధ్యాన్నం కునుకు తీసినప్పుడు ఎవరు చూస్తారు?"

"కునుకు తియ్యను."

"ఇప్పుడే నీ గొంతులో గురక ఉంది."

ఆర్డిస్ పక్కగదిలో రేడియోతో కలిసి పాడుకుంటోంది. మెర్టన్ బల్ల మీద ఉన్న ద్రాక్షపండ్లు కూరి కాల్చిన తీపి రొట్టె ముక్కను చెంచాతో అటూ ఇటూ నెట్టాడు. కూతురు తెచ్చిందే. ఆర్డిస్ చేసినంత బాగా లేదు, ఆ మాట అనడానికి ఇది సమయం కాదు.

"శనివారం పడవెక్కు," అన్నాడు చివరికి. "మీ అమ్మ పిడి పట్టుకుంటే ఎట్టా ఉంటదో నువ్వు మర్చిపోయావు. తీసుకెళ్ళి, పట్టించి, తిరిగి రేవుకి చేరుస్తుంది. చూసి అప్పుడు చెప్పు."

"పడవెక్కితే నాకు వాంతి."

"బకెట్ పెడతా."

లోర్నా కుర్చీలోంచి లేచింది. "సరే. అమ్మ మనల్ని తీసుకెళ్ళి తీసుకొస్తే, ఆ మంచం ఇంకెవరికన్నా ఇచ్చుకోమని నేనే చెప్తా. లేకపోతే నువ్వు చెప్పాలి. నేను కాదు, నువ్వు."

"ఊ," అన్నాడు మెర్టన్.

శనివారం గాలి లేదు. నీళ్ళు చల్లారిన సీసంలా ఉన్నాయి. రేవులో డొమినిక్ తన యంత్రాలకు నూనె రాస్తున్నాడు.

"ఒరేయ్ ముసలోడా, ఇవాళ పరివారంతో బయల్దేరావే! అమ్మాయ్ లోర్నా, నువ్వెక్కేది పడవా, మీ నాన్న మ్యూజియమా?"

"బాబాయ్, వాంతొస్తే నీ పడవలో చేసుకోనా?" అంది లోర్నా.

"చేసుకో తల్లీ, ఈ ఏడాది దాన్లో పడే మొదటి సరుకు అదే."

మెర్టన్ నవ్వాడు. లోర్నాను ముందు కొసన కూర్చోబెట్టాడు, బరువు సమానంగా ఉండాలని చెప్పి. అసలు సంగతి అది కాదు. మధ్యలో తన వీపు అడ్డం ఉంటే వెనక బూట్లు కనిపించవు.

ఆర్డిస్ పిడి పట్టుకుంది. మెర్టన్ చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. పిడి చేతికి రాగానే ఆమె మెడ నిటారైంది, దవడ కుదురుకుంది. ఇంట్లో వదులుగా వేలాడే మనిషి ఇక్కడ బిగువుగా, పదేళ్ళు చిన్నగా కనిపించింది. మెర్టన్ ఒకసారి నొక్కాడు, కాసేపాగి రెండుసార్లు నొక్కాడు. పడవ ఆ లోతు అంచు పట్టుకుంది. తీగ వదిలాడు. అది పక్క అంచు మీంచి సన్నగా పాడుకుంటూ దిగింది.

"చూశావా?" అన్నాడు భుజం మీంచి.

"చూస్తున్నా," అంది లోర్నా, పెదాలు బిగించుకుని.

మొదట పడింది సాల్మన్ చేప. ఇంకా చలి తగ్గని నీళ్ళు కావడంతో అదీ లోతునే తిరుగుతోంది. తీగ తెగేలా గుంజి, పైకొచ్చి, గాల్లోకి లేచి వెండి చీర జాడించినట్టు ఒళ్ళు విదిలించింది. ఆర్డిస్ చిన్నపిల్లలా కేకేసింది. లోర్నా కూడా వాంతి మర్చిపోయి చప్పట్లు కొట్టింది. మెర్టన్ దాన్ని వలలోకి తీసుకుంటూ, కూతురి మొహం చూసి, గెలిచేశాననుకున్నాడు.

అక్కడితో తీగ చుట్టేసి ఇంటికి తిరిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ సాల్మన్‌ను ఎవడైనా పట్టగలడు. తీగ లాగేవాడి గొప్ప తెలిసేది అడుగున పడుకున్న పెద్ద ట్రౌట్‌తోనే. కూతురికి అది చూపించాలనిపించింది. మళ్ళీ తీగ వదిలాడు.

పెద్దదే పడింది. మూతి తగలడం వేళ్ళకు తెలిసింది, ఎవరో తలుపు మీద మెత్తగా తట్టినట్టు. ఆయన గుంజాడు. అడుగున ఒక బరువు నిదానంగా తల అడ్డంగా ఊపింది. లాగిన తీగ కాళ్ళ దగ్గర తడి గోనె మీద చుట్టలు చుట్టలుగా పడుతోంది. ఆ చుట్టల్లో ఎవరూ కాలు పెట్టకూడదు, అది ఒక నియమం. తీగను ఎన్నడూ చేతికి చుట్టుకోకూడదు, అది ఇంకో నియమం. రెండూ తండ్రి ఆయనకు ఏడేళ్ళప్పుడు చెవి మెలిపెట్టి నేర్పినవి.

"నాన్నా, పెద్దదా?"

"పెద్దదా! రాయిలా ఉంది! ఇటు రా, చూడు!"

కూతురికి కనిపించాలని ఆయన లేచి, చుట్టలు దాటి, పడవ మధ్యలోకి వచ్చాడు. ఆర్డిస్ బూటు వెనక ఉండిపోయింది. చేప ఒక్కసారి కిందికి దిగింది. చేతికున్న తోలు తొడుగు తడిసి జారుతోంది. కూతురి ఎదుట చేప జారిపోతే ఎలా? ఆ ఒక్క క్షణం మెర్టన్ తీగను కుడి చేతికి ఒక చుట్టు చుట్టాడు. ఇన్నేళ్ళలో ఆ పని చెయ్యలేదా అంటే, నిజం చెప్పాలి, అప్పుడప్పుడూ చేసేవాడు. ఎందుకంటే అడుగున ఏమన్నా తగులుకుంటే చెప్పకుండానే మోటారును వెనక్కి తిప్పే మనిషి వెనక ఉండేది.

చేప నీటి అడుగున పడి ఉన్న చెట్టు కొమ్మల్లోకి దూరింది. తీగ ఆగిపోయింది. పడవ ఆగలేదు.

"ఆర్డిస్! ఆపు!"

ఆర్డిస్ ఆయన వైపు చూసి నవ్వింది.

"ఆపవే! మోటారు ఆపు!"

ఆమె ఏదో సాయం చెయ్యాలనుకుంది. పిడి మీద చెయ్యి తిప్పింది. మోటారు గట్టిగా అరిచింది. రాగి తీగ సాగదు. లోర్నా పలకల మీద పాకుతూ, మోకాలు చెక్కుకుంటూ, తల్లి చేతి మీంచి పడి మోటారు ఆపేసరికి పని అయిపోయింది. తొడుగులో ఉంగరపు వేలు, చిటికెన వేలు చివరి కణుపుల దాకా లేవు. మెర్టన్ అరవలేదు. పలక మీద కూర్చుని, చేతిని పొట్టకు అదుముకుని, నీళ్ళలోకి జారిపోతున్న తీగ చుట్టల వైపు చూస్తూ ఉండిపోయాడు. లోర్నా ఏడుస్తూ తన కోటు చేతికి చుట్టింది, రేవు వైపు చెయ్యెత్తి డొమినిక్‌ను కేకేసింది.

"మెల్లిగా అమ్మాయ్," అంది ఆర్డిస్ మందలింపుగా. "అంత గోల చేస్తే చేపలు పోతాయి."

ఆసుపత్రిలో కుట్లు వేశాక మెర్టన్‌ను నడవాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆర్డిస్‌ను డొమినిక్ తన ఇంటికి తీసుకెళ్ళాడు. లోర్నా పక్కనే కూర్చుంది, చొక్కా నిండా రక్తపు మరకలతో.

"నువ్వు ఆపమని అరుస్తున్నావు. అమ్మ నిన్ను చూసి నవ్వింది నాన్నా. నవ్వి, ఇంకా గట్టిగా తోలింది."

"మీ అమ్మనేం అనకు."

"అనట్లేదు. చూసింది చెప్తున్నా."

"అది ఆమె తప్పు కాదు," అన్నాడు మెర్టన్. మందు మత్తు ఇంకా వదలలేదు, కానీ ఆ మత్తులోనూ భార్యకు అన్యాయం జరుగుతోందని తోచింది. "నేనే కాలు తీశాను. నా కాలు అక్కడుంటే ఎప్పుడూ తప్పు చెయ్యలేదు. నొక్కితే టక్కున తిప్పుతుంది. నేను లేచొచ్చేశా, నొక్కలేదు, ఆమెకెలా తెలుస్తుంది? ఆపడానికి మేం గుర్తే పెట్టుకోలేదు, అది నా తప్పు..."

చెప్పుకుంటూ పోతున్న మనిషి కూతురి మొహం చూసి ఆగాడు.

"ఏం నొక్కడం నాన్నా?" అంది లోర్నా నెమ్మదిగా.

నడవాలో ఎవరో చక్రాల బండి తోసుకుపోయారు. మెర్టన్ బూట్ల వైపు చూసుకున్నాడు.

"పొద్దున నువ్వే తోలావా పడవ?"

"పిడి ఆమె చేతిలోనే ఉంది."

"ఎప్పట్నించి?"

"పోయినేడు... కాదు. అంతకు ముందేడు వసంతంలో."

లోర్నా రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాడు. చేతులు తీసినప్పుడు చూస్తే ఏడుస్తూనే నవ్వుతోంది కూడా. "రెండేళ్ళ నుంచి ఒంటి చేత్తో చేపలు పట్టి, ఒంటి కాలితో పడవ నడిపావా! పైగా రేవంతా అమ్మను పొగిడావా! దొంగ మొహమా!"

తండ్రిని అలా అనడం అదే మొదటిసారి. మెర్టన్ నవ్వబోయాడు. గట్టిగా నవ్వడం అలవాటైన పనే. ఈసారి గొంతు దాటి రాలేదు. బాగా అలిసిపోయిన వాడిలా ఒంగి కూర్చున్నాడు. గెలుద్దామని ఆడిన మాట కదా, తన నోటితోనే ఓడిపోయాడు. లోర్నా ఇక ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

సోమవారం ఫోను ఆయనే చేశాడు. ఎడమ చేత్తో అంకెలు నొక్కడం రాక రెండుసార్లు ఎవరో బట్టల దుకాణం వాళ్ళకు పోయింది. మూడోసారి సరిగ్గా తగిలాక, "మంచం మాకు కావాలండీ," అన్నాడు. అవతల నుంచి పేరు అడిగారు. ఆర్డిస్ కోవర్ట్ అని చెప్పి, ఆమె పడవ బాగా నడిపేది, అని కూడా చెప్పాడు. అది ఎక్కడ రాసుకోవాలో అవతలి మనిషికి తెలియలేదు.

చేర్పించిన రోజు ఆర్డిస్ ఏడుస్తుందని అందరూ భయపడ్డారు. ఏడవలేదు. వెచ్చటి గదులు, నున్నటి నేల, గోడకు పట్టుకోవడానికి కట్టిన కర్ర, అన్నీ ఆమెకు నచ్చాయి. హోటల్‌కు వచ్చినట్టు అందరికీ నమస్కారం పెట్టుకుంటూ నడిచింది. అదే మెర్టన్‌కు బాధ. ఒక్క కన్నీటి చుక్కైనా కారిస్తే తుడవడానికి ఎడమ చెయ్యి ఉంది కదా అనుకున్నాడు.

లోర్నా ఆఫీసు గదిలో కాగితాల దగ్గర ఉండిపోయింది. సాయంత్రం భోజనాల వేళ. ఆర్డిస్ ఎవరితోనో కబుర్లాడుకుంటూ భోజనాల గదిలోకి పోయింది. ఆమె వెనకే మెర్టన్ పోయి, వెళ్ళిపోవడమా ఉండడమా తేల్చుకోలేక, పక్క కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని.

కొత్తగా పనిలో చేరిన అమ్మాయి ఒకతె చకచకా వచ్చింది. ఆయనేదో అనబోయేలోగా మెడ చుట్టూ తెల్లటి గుడ్డ కట్టేసింది.

"తాతగారూ, ఇవాళే వచ్చారా? అయ్యో, చేతికేమైంది? ఉండండి, నేను కోసి పెడతా." మాంసపు ముక్కను ఎదురుగా చిన్న చిన్నగా కోసింది. బఠానీలు ఒక పక్కకు నెట్టింది. చెంచా ఎడమ చేతిలో పెట్టింది.

మెర్టన్ నోరు తెరిచాడు. నేను ఇక్కడి వాణ్ణి కాదమ్మా, ఇంట్లో నా మంచం ఉంది, అనాలి. చుట్టూ చూశాడు. ఎవరూ ఆయన్ను వింతగా చూడట్లేదు. తెల్ల గుడ్డలు కట్టుకున్న మనుషుల మధ్య ఆయన సరిగ్గా ఇమిడిపోయాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆర్డిస్ ఆయన వైపు వంగి, ఆ అమ్మాయితో రహస్యంగా అంది:

"కొత్త కదా, కాస్త సిగ్గు పడుతున్నాడు. రెండ్రోజుల్లో అలవాటు పడతాడులే."

"పడతారు పడతారు. తాతగారూ, మీ గది ఏదో కనుక్కుని వస్తా, ఎక్కడికీ వెళ్ళకండేం," అని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

మెర్టన్ ఎడమ చేత్తో ఒక ముక్క తీసుకున్నాడు. సగం గుడ్డ మీద పడింది. మిగతా సగం తిన్నాడు. ఆర్డిస్ తన పాలగ్లాసు ఆయన వైపు జరిపింది, ఎదురుగా కూర్చున్న వాళ్ళెవరికైనా జరిపేటంత మర్యాదగా.

కాసేపటికి లోర్నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో కారు తాళం. మెడకు గుడ్డ కట్టుకుని కూర్చున్న తండ్రిని చూసింది. తరవాత మెల్లిగా దగ్గరికొచ్చి, వీపు వెనక ముడి విప్పబోయింది.

"నాన్నా, పద. పొద్దు పోతోంది."

మెర్టన్ తలెత్తలేదు. ఎడమ చేతిలో చెంచా గట్టిగా పట్టుకున్నాడు.

"ఉండవే అమ్మాయ్," అన్నాడు. "పుడ్డింగు ఇంకా రాలేదు."